గడి ముందు నుంచి ఉరికిన దారి

నేను ఇంటర్ చదివే రోజుల్లో, డెబ్బైల చివర, జహీరాబాద్‌లో ఆడపిల్ల పరుగెత్తడానికి చోటు లేదు. ఉన్న ఒక్క గ్రౌండులో మగపిల్లలు క్రికెట్టు ఆడేవాళ్లు. ఆటల పోటీలకు పేర్లు తీసుకుంటుంటే నేనూ ఇచ్చాను కానీ, ఎక్కడ ఉరకాలో ఎవరూ చెప్పలేదు. అందుకని ఊరి బయట బండ్ల బాట పట్టాను.

ఆ బాటంటే నాకు ప్రాణం. మా ఇంటి వెనక రైలు పట్టాలు దాటగానే మొదలయ్యేది. ఎర్రమన్ను. వానల్లో మడమలకు ముద్దలు ముద్దలుగా అంటుకునేది, ఎండితే పిండిలా మెత్తగా ఉండేది. ఉత్త కాళ్లతో ఉరికేదాన్ని. ముందు అల్లం మళ్లు, తర్వాత చెరుకు. చెరుకు ఏపుగా పెరిగిన నెలల్లో తలమీద సన్నటి ఆకాశం, రెండు పక్కలా ఆకులు రాసుకునే చప్పుడు, అంతే. చెరుకు దాటితే మిట్ట. మిట్ట మీద ఒక పాత గుమ్మటం. ఎవరి సమాధో మా ఊళ్లో ఎవరికీ తెలియదు, మేకలు మాత్రం లోపల పడుకునేవి. అక్కడ ఒక్క నిమిషం ఆగితే దూరంగా చిరాగ్‌పల్లి వైపు బొంబాయి రోడ్డు మీద లారీలు పాకుతున్నట్టు కనబడేవి. మిట్ట దిగితే పాత ఊరు. రాతి గోడలు, సగం కూలిన బురుజు, మెట్ల బావి, బావికి ఎదురుగా దొర గడి, కోటలాంటి పెద్ద ఇల్లు. ఆ ఊరి పేరు రాయను. మొగుడంపల్లి పోయే బాటలో ఉందంటే చాలు. బావి దగ్గర ముఖం కడుక్కుని వెనక్కి తిరిగేదాన్ని.

అన్న పాత నిక్కరు మీద లంగా కట్టి, కుచ్చెళ్లు పైకి దోపుకుని పోయేదాన్ని. ఇది అమ్మకు తెలుసు. "పొద్దెక్కకముందే ఇంట్ల ఉండాలె," అని మాత్రం అంది.

గడి అరుగు మీద దొర కొడుకు కూర్చునేవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. పట్నంలో చదువు సగంలో వదిలి వచ్చాడని చెప్పుకునేవారు. నోట్లో వేపపుల్ల, పక్కన పెద్ద కుక్క. నన్ను చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు.

"ఏం పిల్లా, పోలీసోళ్లు తరుముతున్నరా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. నేను తల తిప్పేదాన్ని కాదు. తల తిప్పలేదన్నదే అతనికి మంటేమో. ఒకరోజు నేను బావి దగ్గర నుంచి మళ్లి వస్తుంటే వెనక "ఉస్కో" అన్న మాట వినబడింది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. తిరిగి చూసేలోపే కుక్క నా పిక్క పట్టుకుంది. నేను కిందపడ్డాను. అరుగు మీద నవ్వు ఆగలేదు. బావి దగ్గర నీళ్లు తోడుతున్న ఒక నడివయసు మనిషి, కలుపు కూలికి పోయే ఆమె, చేతిలో ఉన్న కడవ కుక్క మీద విసిరికొట్టింది. కడవ పగిలింది. కుక్క వదిలింది. ఆమే, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ నన్ను పట్టుకుని గుమ్మటం దాకా నడిపించి, అక్కణ్ణుంచి ఎడ్లబండి ఎక్కించారు.

దవాఖానలో బొడ్డు చుట్టూ సూదులు వేసేవాళ్లు. రోజూ పోవాలి. పొట్ట వాచిపోయి గట్టిపడేది. నొప్పి సంగతి అలా ఉంచండి. నన్ను మండించింది అందరూ అడిగిన ఒకే ఒక్క మాట. సూది వేసే కాంపౌండరు అడిగాడు, పక్కింటామె అడిగింది, కాలేజీలో మాస్టారు అడిగాడు, చివరికి నాయన కూడా అడిగాడు.

"నిన్నెవలు ఉరుకమన్నరు?"

కుక్కను వదిలిందెవరని ఒక్కరూ అడగలేదు. చెబుతున్నా వినలేదు. నాయన మార్కెట్టులో ఒక అల్లం దుకాణంలో గుమాస్తా. గడి అల్లం ఆ దుకాణానికే వచ్చేది. "పెద్దోళ్లతోని మనకెందుకు బిడ్డా, ఇంట్ల కూసో," అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. అర్థమైనందుకు కోపం ఇంకా పెరిగింది.

అమ్మ మాత్రం ఆ మాట అడగలేదు. సూదులు పూర్తయిన మర్నాడు చీర మార్చుకుని, "నడువు," అంది. కుంటుకుంటూ వెంట పోయాను. నేరుగా గడికి పోయింది. దొర కుర్చీలో కూర్చుని పొగాకు నములుతున్నాడు.

"మీ పిలగాడు నా బిడ్డ మీదికి కుక్కను ఉసిగొల్పిండు దొరా," అంది అమ్మ. చేతులు కట్టుకోలేదు, కొంగు నిండా కప్పుకోలేదు.

"కుక్కకేం ఎరుక?" అన్నాడు దొర. "ఆడివిల్లను బజార్ల ఉరికిచ్చుకుంట మమ్మల్ని అంటున్నవా?"

"కుక్కకు ఎరుక లేదు. మీ పిలగానికి ఎరుక లేదా? బాయి కాడ అందరు జూసిన్రు."

"ఎవలు జూసిన్రు? పిలువు."

బావి దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్లున్నారు. కడవ విసిరిన ఆమె కూడా ఉంది. అందరూ తలలు దించుకున్నారు. దొర పెద్దగా నవ్వలేదు, పెదవి చివర కొంచెం కదిపాడు. "పోండ్రి," అన్నాడు.

గుమ్మటం దాకా అమ్మ నా ముందు గబగబా నడిచింది. అక్కడ ఆగి, నా భుజం గట్టిగా పట్టుకుంది.

"కాలు మానినంక మల్ల ఈ బాటనే ఉరుకు. ఇంకో బాట జూసినవనుకో, నాతోని మాట్లాడకు."

ఆ రాత్రి నాయనా అమ్మా కొట్లాడుకున్నారు. "నా నౌకరి పోతది," అన్నాడు ఆయన. "పోతే ఇంకోటి దొరుకుతది, నా బిడ్డకు ఇంకో కాలు దొరుకుతదా?" అంది ఆమె.

రెండు రోజులకు కడవ విసిరిన ఆమె మా ఇంటికి వచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

"ఆ దినం నోరు తెరువలేకపోయిన బిడ్డా. వాళ్ల చేన్లనే పని చేస్త గద, ఏం జెయ్యాలె?" అంది. "గని ఒక మాట. పొద్దుగాల మేం కలుపుకు పొయ్యే యాల్లకు రా. మా నడుమ ఉరుకు. ఎట్ల ముట్టుకుంటడో జూద్దాం."

కాలు మానాక అలాగే పోయాను. నడుస్తున్న వాళ్ల మధ్య ఉరికేదెట్లా? వాళ్లు నా కోసం గడి ముందు బాటకు రెండు పక్కలా నిలబడ్డారు, చేతుల్లో కొడవళ్లతో. దొర కొడుకు అరుగు మీదే ఉన్నాడు. కుక్క గొలుసు చేతికి చుట్టుకుని లేచాడు.

"ఏందే, అందరు గిట్ల నిలవడ్డరు?"

"నీ కుక్కను వదులు పటేలా," అంది ఆమె. "ఇయ్యాల మా దగ్గర కడవ లేదు."

అతను ఒక్క క్షణం కొడవళ్ల వైపు చూశాడు. గొలుసు ఇంకో చుట్టు చుట్టుకుని లోపలికి పోయాడు. నేను వాళ్ల మధ్య నుంచి ఉరికాను. పిక్కలో సలుపు పెడుతోంది. ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, ఒక ఆడపిల్ల బాట మీద పోవడానికి ఇన్ని కొడవళ్లు కావాలా అన్న కోపంతో.

ఆ వారమే గడి చేన్లలో వాళ్లకు పని ఆపేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. రేపటి నుంచి రానని చెప్పడానికి ఆమె ఇంటికి పోయాను. చిరాగ్‌పల్లి వైపు అల్లం తవ్వే పనికి పోవడానికి సద్ది కట్టుకుంటోంది. నా మాట పూర్తి కానివ్వలేదు.

"నువ్వు ఆగినవనుకో, మేం ఉత్తగనే పని పోగొట్టుకున్నట్టు గద! ఫికర్ చెయ్యకు. అల్లం ఎక్కడన్న అల్లమే. నువ్వు ఉరుకు," అంది. గొంతులో జాలి లేదు, నా మీద విసుగే ఉంది. ఆ విసుగు నాకు మంచి చేసింది.

ఆ ఏడు సంగారెడ్డిలో జిల్లా పోటీల్లో రెండో స్థానంలో వచ్చాను. స్టీలు గ్లాసు ఇచ్చారు. నాయన దాన్ని దుకాణానికి పట్టుకుపోయి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. "మా బిడ్డ," అన్నాడట. ఇంట్ల కూసో అన్న ఆయన నోట ఆ మాట విని నేను ఆ పూట అన్నం తినలేదు. ఆయన్ని క్షమించడానికి చాలా కాలం పట్టింది. క్షమించానో లేదో కూడా ఇప్పుడు రూఢిగా చెప్పలేను.

తర్వాత టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, జహీరాబాద్ విడిచాను. ఎనభైల మధ్యలో అమ్మను చూడటానికి వచ్చి తిరిగి పోతూ బస్టాండులో నిలబడి ఉంటే, తెల్లబట్టల్లో ఒక లావుపాటి మనిషి దగ్గరకొచ్చి నవ్వాడు.

"నువ్వు ఆ ఉరికే పిల్లవు గదా? మా ఊరి మీదికెళ్లే ఉరికేటిదానివి. జిల్లాల గెలిచినవంట గద. మాకు శానా ఖుషీ అయింది."

దొర కొడుకు.

"మీరు నా మీదికి కుక్కను వదిలిన్రు," అన్నాను.

అతను నిజంగానే ఆలోచించాడు. నటన కాదు. "కుక్కనా? మా ఇంట్ల శానా కుక్కలుండె," అన్నాడు.

అతనికి గుర్తు లేదు. నా పొట్ట మీద వేసిన సూదులు, గడి ముందు అమ్మ పడ్డ అవమానం, ఆ ఆడవాళ్లు పోగొట్టుకున్న పని, ఏదీ అతని లెక్కలో లేదు. కుక్క కరిచినప్పుడు కూడా నాకు అంత కోపం రాలేదు. బస్టాండు మధ్యలో నిలబడి మొత్తం చెప్పాను. అరుగు, వేపపుల్ల, ఉస్కో అన్న మాట, వాళ్ల నాయన పెదవి కదిపిన తీరు, అన్నీ. జనం పోగయ్యారు.

"జర మెల్లగ మాట్లాడమ్మా, మంది జూస్తున్నరు," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"జూడనీ. ఆ దినం మీ నాయన జూసినోళ్లను పిలువుమన్నడు. ఇయ్యాల వీళ్లు వింటున్నరు," అన్నాను.

అతను చేతికందిన బస్సెక్కాడు, అది ఎటు పోతుందో చూడకుండానే. నేను ఆపలేదు. బస్సు గేటు దాటేదాకా చెబుతూనే ఉన్నాను. గొంతు బొంగురుపోయింది. ఒక ముసలామె సోడా కొనిచ్చి, "తాగు బిడ్డా, ఇంక ఏమన్న ఉంటే చెప్పు," అంది. ఉంది. ఆమె పక్కన బెంచీ మీద కూర్చుని మిగతాది చెప్పాను.