కాలవ గట్టు మీది రెండో పిట్ట

నందవరం దాటాక కాలవ గట్టున, గడ్డి ఏపుగా పెరిగినచోట, రెండు రకాల పిట్టలుంటాయి. రెండూ బొటనవేలంతే. రెండూ మట్టిరంగే, రెండింటికీ ఒంటికన్నా పొడవనిపించే తోక. ఊళ్ళో వాటికి వేరే పేరు లేదు, పిట్ట అంటారంతే. ఒకదాని ముక్కు కాస్త మందమని పుస్తకాల్లో రాస్తారు గానీ, గాలికి ఊగే గడ్డిలో ఆ తేడా చూడడం నావల్ల ఏనాడూ కాలేదు. గొంతును బట్టే పోల్చుకునేవాణ్ణి. ఒకటి గట్టిగా, ఆగి ఆగి ఈల వేస్తుంది. రెండోది సన్నగా, కీచురాయిలాగా గీపెడుతుంది.

ఆదోనిలో ముప్పై ఏళ్ళు పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేశాను. పని మానేసి ఎమ్మిగనూరు చేరాక పొద్దుపోక పిట్టల వెంట పడ్డాను. "ఈ వయసులో ఇదేం పిచ్చి?" అని నా భార్య దెప్పేది. నాకు మాత్రం గర్వంగా ఉండేది. మిల్లులో ఏ మిషను మోత మారిందో విని చెప్పినవాణ్ణి, పిట్టలొక లెక్కా అనుకునేవాణ్ణి.

కాలవ పక్కన పత్తి వేసే రైతు ఒకాయన అలా తిరగడంలోనే స్నేహితుడయ్యాడు. నాకన్నా పదేళ్ళు చిన్న, అన్నా అంటాడు. ఆయన చేని గట్టు మీద కూర్చునే నేను నోటుబుక్కులో రాసుకునేది.

మూడేళ్ళ కిందట వానాకాలంలో సన్నగొంతు పిట్ట వినపడడం మానేసింది. శ్రావణమంతా వెళ్ళాను. ఈల ఒక్కటే వినపడేది. గడ్డిలో కదిలే తోకలన్నీ ఈలపిట్టలవే అని రాసుకున్నాను. కారణం కోసం వెతకనక్కర్లేదనిపించింది. ఎదురుగా ఆయన వీపున మందు ట్యాంకు కనపడుతూనే ఉంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీ మందుకే సచ్చినాయప్పా! పురుగుకు కొడతాండావా, పిట్టలకు కొడతాండావా?" అని ఆయన భార్య ముందే అనేశాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఒక్కటన్నా మిగల్లేదా అన్నా?" అని మాత్రం అడిగాడు. లేదన్నాను.

తర్వాత రెండు పంటలు, గట్టు పక్క సాళ్ళకు ఆయన మందు కొట్టలేదు. గట్టు మీద గడ్డి కోయనివ్వలేదు. గులాబీ పురుగు పడి ఆ సాళ్ళలో కాయలన్నీ పుచ్చిపోయాయి. "పిట్టల కోసం పత్తిని పురుగులకు పెట్టే మొగుడు దొరికినాడు నాకు" అని ఆయన భార్య ఏడ్చింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన అడిగేది ఒకటే: "వచ్చినాయా అన్నా?" నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. అలా ఊపడంలో నాకు కొంత పెద్దరికం కూడా ఉండేది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పోయిన భాద్రపదంలో ఒక పొద్దున నేను వెళ్ళేసరికి ఆయన చేను అవతలి కొసన ఉన్నాడు. కలుపు తీస్తున్న ఆయన భార్య, చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఇదేం పిట్టన్నా, పొద్దన్నుంచి ఒకటే గీపెడతాంది?"

ఏదని అడిగాను. వేలు చూపించింది. నాలుగు బారల దూరంలో, గడ్డి కొసన, మట్టిరంగు పిట్ట. నోరు తెరిచే ఉంది. గొంతు కింద ఈకలు అదురుతున్నాయి. కాలవ నీళ్ళ చప్పుడు నాకు వినపడుతోంది. రోడ్డు మీద పోయే ట్రాక్టరూ వినపడుతోంది. పిట్ట గొంతు మాత్రం లేదు.

"ఇప్పుడు గూడా అరుస్తాందా?"

"అరుస్తానే ఉంది గదన్నా! ఇనపడ్లేదా? పోయినేడు గూడా ఇట్లనే అరుస్తాండె."

మిల్లులో మేము నోటితో మాట్లాడుకున్నది తక్కువ, ఆ మోతలో అంతా చేతిసైగలే. తోటివాళ్ళకు ఒక్కొక్కరికే చెవులు పోవడం చూశాను. మనుషుల మాట వినపడుతోంది కదా, నాకేం కాలేదనుకున్నాను. సన్నటి చప్పుళ్ళే ముందు పోతాయని తర్వాత ఆదోనిలో చెవుల డాక్టరు చెప్పాడు. ఆ రైతుకు కూడా రెండేళ్ళూ ఆ గొంతు వినపడే ఉంటుంది. ఏ గొంతు ఏ పిట్టదో ఆయనకు తెలియదు. తెలిసినవాణ్ణని నన్ను నమ్మాడు.

ఆయన ఇటు రాకముందే బస్సెక్కి వెళ్ళిపోదామనుకున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. పైకి లేచాను కూడా. ఇంతలో ఆయనే నన్ను చూసి, పార భుజాన వేసుకుని వచ్చాడు. ఎప్పటిలాగే, "వచ్చినాయా అన్నా?" అన్నాడు.

"అవి యాడికీ పోలేదప్పా, ఈడనే ఉన్నాయి. నాకే సెవులు సరిగా ఇనపడ్లేదు. తెలీక నిన్ను తిట్టినాను" అన్నాను.

పుచ్చిపోయిన సాళ్ళ గురించి ఎంత మాటన్నా పడదామని తల వంచుకుని నిలబడ్డాను. ఆయన భార్య నావైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది. ఆయన పార కింద పెట్టాడు. గడ్డిలోకి చెవి పెట్టి చాలాసేపు విన్నాడు.

"అయితే నేను సంపలేదా అన్నా?"

"లేదప్పా."

ఆయన గట్టు మీద కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పంట సంగతి ఎత్తనే లేదు.