హీటర్ టక్కుమనే దాకా

జనవరి రెండో ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. నాంపల్లి మీద మబ్బు పట్టి ఉంది. వరండాలోని ఉష్ణమాపకం పన్నెండు డిగ్రీలు చూపుతోంది. గదిలో ఆయిల్ హీటర్ పెట్టి అరగంట దాటింది. పలకల మీది ధూళి వేడెక్కిన వాసన వచ్చింది గాని, రావలసిన చప్పుడు రాలేదు. గది తగినంత వేడెక్కగానే ఆ హీటర్ కరెంటును తానే తెంచుకుంటుంది, అప్పుడు టక్కుమంటుంది. మరో పది నిమిషాలు చూశాను. వేడి పెరుగుతూనే ఉంది. లేచి ప్లగ్గు పీకాను. ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చోవడం నాకు నేర్పిన మనిషి యశోదాబాయి. మా ఎదురు వాటాలో ఉండేది. ప్రసూతి దవాఖానలో ముప్ఫై ఏళ్ళకు పైగా నర్సుగా చేసి రిటైరైంది. అందరికీ ఆమె సిస్టరమ్మ.

నేను రైల్వే పార్సిల్ ఆఫీసులో తూకం గుమాస్తాను. ముల్లు చూపని బరువును ఏనాడూ నమ్మినవాణ్ణి కాను. అబిడ్స్‌లో ఒకే దుకాణంలో, ఒకే రోజున రెండు ఆయిల్ హీటర్లు కొన్నాం: ఒకటి మా ఆవిడ ఉబ్బసానికి, ఇంకొకటి సిస్టరమ్మ మోకాళ్ళకు. పొగ ఉండదు, మంట ఉండదు. పలకల్లో మూసి పెట్టిన నూనెను కరెంటు వేడి చేస్తుంది. ఆ నూనె కాలదు, తరగదు. చెడిపోయేవి చిన్న చిన్న భాగాలే. కంపెనీ ఆ రకం తయారీ మానేశాక ఆ చిన్న భాగాలు బజారులో ఒక్కొక్కటిగా కనుమరుగయ్యాయి. పోతే ప్రాణం మీదికి వచ్చేది వాటిలో ఒక్కటే: వేడి చాలిందని తెలుసుకుని కరెంటును తెంచే థర్మోస్టాట్.

తొమ్మిదేళ్ళ కిందట, ఇలాంటి జనవరిలోనే, మా అమ్మాయి సునీతకు ఆరు వారాలు ముందుగా కాన్పు అయింది. ఆడపిల్ల. ఇంటికి తెచ్చిన నాటి బరువు ఒక కిలో తొమ్మిది వందల గ్రాములు. పిల్లకు చలి తగలకూడదు, వేడి మించకూడదు అని డాక్టరు చెప్పి పంపాడు. మా ఆవిడ అప్పటికే లేదు. అల్లుడికి సెలవు దొరకలేదు. రెండో రోజు మధ్యాహ్నం హీటర్ పెట్టి, సునీతకు అన్నం వడ్డిస్తున్నాను. సిస్టరమ్మ తలుపు తోసుకుని వచ్చి, గడపలోనే ఆగిపోయింది.

"ఏంది గుమాస్తా సాబ్, పిల్లను ఉడకపెడ్తున్రా?"

గది ముప్ఫై నాలుగు డిగ్రీలుంది. పిల్ల ముఖం కందిపోయి, ఊపిరి వడివడిగా ఆడుతోంది. ఆమె ముందు ప్లగ్గు పీకింది, తర్వాత పిల్ల టోపీ తీసింది, ఆ తర్వాత నా వైపు చూసింది. పావుగంటకు ఊపిరి నెమ్మదించింది.

సాయంత్రానికి చలి మళ్ళీ పెరిగింది. అబిడ్స్ నుంచి పిలిపించిన మెకానిక్ హీటర్ విప్పి, థర్మోస్టాట్ అతుక్కుపోయిందన్నాడు. "ఈ మోడల్ సామాను దొరకది సార్. డైరెక్ట్ ఇచ్చేస్త. ప్లగ్గు తీస్తే ఆగిపోతది, ఫికర్ చెయ్యకున్రి." మన ఊళ్ళో చెడిన భాగాన్ని పక్కకు తప్పించి తీగను నేరుగా కలిపేయడం మామూలే. నాకూ సబబుగానే తోచింది. ఉష్ణమాపకం నా చేతిలో ఉంది. ఇరవై ఎనిమిది దాటగానే నేనే తీసేస్తానన్నాను.

"రాత్రంత మేల్కొని ఉంటరా?" అంది సిస్టరమ్మ.

"ఉంటాను."

"మూడో రాత్రి గూడ?"

నేను చేతిలోని ఉష్ణమాపకం వైపు చూశాను.

"సునీత పండుకుంటది, మీరు పండుకుంటరు, నేనూ పండుకుంట. ఈ ఇంట్ల పండుకోనిది ఆ టక్కుమనేదొక్కటే ఉండె. దాన్నే తీసేస్తనంటున్రు. డైరెక్ట్ వద్దు."

మర్నాడు నేను అబిడ్స్ నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా దుకాణాలన్నీ తిరిగాను. కొత్త ఆయిల్ హీటర్లు చలికి అమ్ముడైపోయాయి, మళ్ళీ వచ్చే చలికాలానికే వస్తాయన్నారు. వేడిగాలి ఊదే రకం ఉంది గాని, దాన్ని పసిపిల్ల గదిలో పెట్టనివ్వనని సిస్టరమ్మ ముందే చెప్పింది. చివరికి వేరే రకానికి చెందిన థర్మోస్టాట్ ఒకటి దొరికింది. ఇంటికి వచ్చేసరికి సునీత పిల్లను గుండెల మీద పడుకోబెట్టుకుని, కళ్ళు మూతలు పడుతుంటే కూర్చుని ఉంది.

"చొక్కా విప్పున్రి," అంది సిస్టరమ్మ.

"నేనా?"

"మరి నేనా? సునీత జరసేపు నడుము వాలుస్తది. తాత ఒంట్ల గూడ వేడి ఉంటది."

పిల్లను నా ఛాతీ మీద బోర్లించి, పైన శాలువా కప్పింది. పార్సిల్ ఆఫీసులో ఎన్ని బరువులు ఎత్తించానో చెప్పలేను; అంత తేలికైనదాన్ని మోయడానికి అంత భయపడింది లేదు. ఎదురింట్లో, తలుపులు బార్లా తెరిచి, ఆమె మా హీటరుకు కొత్త భాగం పెట్టించి పరీక్షకు కూర్చుంది. రెండుసార్లు టక్కుమనడం నాకూ వినిపించింది. మూడోసారి వినిపించలేదు. కాసేపటికి ప్లాస్టిక్ కమిలిన వాసన గుమ్మం దాటి వచ్చింది. ఆమె ప్లగ్గు పీకి, మెకానిక్ వైపు తిరిగింది.

"నా హీటర్ల సగం వేడే వస్తది, పిల్ల గదికి చాలది. దాంట్ల థర్మోస్టాట్ తియ్యి."

"సిస్టరమ్మా, మరి మీ మోకాళ్ళు?" అన్నాను కుర్చీలోంచే, పిల్ల కదలకుండా.

"నా మోకాళ్ళు ఎన్నడు నా మాట విన్నయి? నాకు రగ్గుంది. మీరు కదలకున్రి, పోరి లేస్తది."

తన హీటర్లోని భాగమే అయినా ఆమె దాన్నీ వదిలిపెట్టలేదు. చీకటి పడేదాకా మా హీటర్లో పెట్టి చూసింది. తెగడం, కలవడం, మళ్ళీ తెగడం. ఆ తర్వాతే మా గదిలోకి తోసుకొచ్చింది. ఆ చలికాలమంతా సాయంత్రాలు మా ఇంటికి వచ్చి, హీటరుకు దగ్గరగా కుర్చీ జరుపుకుని కూర్చునేది. ఎందుకొచ్చారని సునీత నవ్వుతూ అడిగితే, "టక్కుమంటదో లేదో చూడనీకి," అనేది. మోకాళ్ళ ఊసు ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

తర్వాతి ఏళ్ళలో మా హీటర్ మీట విరిగితే ఆమె హీటర్ మీట వచ్చింది. చక్రాలు పోతే చక్రాలు వచ్చాయి. రెండేళ్ళ కిందట ఆమె పోయింది.

ఇవాళ పది గంటలకు మెకానిక్ వచ్చాడు; అప్పటివాడు కాదు, వేరొకడు. విప్పి చూసి, "డైరెక్ట్ ఇచ్చేద్దామా అంకుల్?" అన్నాడు. సునీత, పిల్ల నిన్ననే వచ్చారు. పిల్ల పక్క గదిలో నిద్రపోతోంది. వద్దన్నాను. మరెవరూ పెట్టకుండా ప్లగ్గు తీగను మొదలంటా కత్తిరించమన్నాను. కత్తిరించాడు.

సిస్టరమ్మ హీటర్ నుంచి మాకు వచ్చినవి: థర్మోస్టాట్ ఒకటి, మీట ఒకటి, చక్రాలు రెండు. మొత్తం నాలుగు. నాలుగూ వాడుకున్నాం. మిగిలింది ఏమీ లేదు.