కరగదనుకున్న బూడిద

"ఆవిరి బంద్ జెయ్యకే, నీకు దండం పెడ్త."

"జేస్తే ఏం జేస్తవ్? మళ్ల గడ్డపార పట్టుకుంటవా?"

ఉప్పల్ దవాఖానాలో, మూతికి ఆవిరి మాస్కు పెట్టుకుని మా ఆయన, పక్కన నేను. మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. నవ్వుతూనే పోయాడు మహానుభావుడు. ఆ నవ్వు వెనక నేను కొంప ముంచిన కథ ఒకటుంది. నాకు సంతకం తప్ప రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి బిడ్డ సునీత రాస్తోంది.

అప్పట్లో ఇద్దరం నాచారంలో కప్పులూ సాసర్లూ చేసే కార్ఖానాలో పనిచేసేవాళ్లం. బొగ్గు నుంచి గ్యాసు తీసే పెద్ద పొయ్యి ఆయనది, దాని కింద రాలే బూడిద ఎత్తడం నాది. ఆ గ్యాసుతోనే పక్క బట్టీలో కప్పులు కాలేవి. పొయ్యి ఆగిందా, బట్టీడు కప్పులూ పాడు, ఆయన నౌకరీ గోవిందా.

ఒకరోజు "జర సూస్తుండు, చాయ్ తాగొస్త" అని వెళ్లాడు. చూశాను. నిప్పులోకి గొట్టంతో ఆవిరి పోతోంది! మండే పొయ్యిలో ఎవరైనా నీళ్లు పోస్తారా, మీరే చెప్పండి? ఇల్లలకగానే పండగ కాదంటారు. నేను పొయ్యి ఊదిన పుణ్యానికే ఇంజనీరునైపోయాను. గొట్టం మీది చక్రం తిప్పి ఆవిరి కట్టేశాను. నిప్పు ధగధగలాడింది. దాన్ని చూసి నేనూ ఉబ్బాను.

కాసేపటికి బూడిద రాలడం ఆగింది, బట్టీకి పోయే గ్యాసూ ఆగింది. కడ్డీతో పొడిస్తే అరిసెల పాకంలో గరిటెలా ఇరుక్కుంది. అప్పుడే ఆయన వచ్చాడు.

"ఆవిరేదే?"

"బంద్ జేసిన. నిప్పు సల్లారుతది గదా!"

"జర సల్లగుండాలెననే గదనే పెట్టింది! వేడెక్కువైతే బూడిద కరిగి బండైతది!"

"బూడిద కరుగుడేంది? పుట్టినకాంచి బూడిదతోనే గిన్నెలు తోముతున్న, ఎన్నడన్న కరిగిందా?"

సూపర్‌వైజర్ ఉరికొచ్చాడు. "ఎవడు బంద్ జేసిండు?"

నేను గబుక్కున బూడిద తట్ట నెత్తికెత్తుకున్నాను.

"నేనే సార్, మర్శిపోయిన" అన్నాడు మా ఆయన.

"పొద్దుగూకేలోపు గ్యాస్ రాకుంటే రేపు గేటు బయట్నే ఉండు!"

పైనుంచి ఆయన ఆ బూడిద బండను గడ్డపారతో పొడిచాడు, కింద నేను ముక్కలు లాగాను. దీపాలు పెట్టేవేళకు గ్యాసు వచ్చింది. నౌకరీ దక్కింది. ఒక ముక్క ఇంటికి తెచ్చాడు. ఇప్పటికీ మా తలుపుకు అడ్డం అదే. అది మొదలు నేను ఇడ్లీ పెట్టినప్పుడల్లా ఒకటే పాట: "ఆవిరి బంద్ జెయ్యకే!"

అందుకే ఇడ్లీ పాత్ర మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ ఆవిరి జోలికీ పోను. దవాఖానాలో కూడా నేను ముట్టలేదయ్యా. ఆవిరి వస్తూనే ఉంది. నువ్వే ఆగిపోయావు.

సునీతా, రాసింది చాలు. ఏదీ, మొదటి నుంచి చదువు బిడ్డా. ఆయన మాట జర పెద్దగా చదువు.