పులుసులో నాచు

అప్పయ్యమ్మ సముద్రం ఒడ్డు పల్లె నుంచి చేపల గంప తెచ్చి నర్సీపట్నం మార్కెట్లో అమ్ముతుంది. అల్లుడు సోమేశ్‌దీ ఆ పల్లే. నర్సీపట్నంలో సెల్‌ఫోన్ల షాపు పెట్టినప్పటి నుంచి అతనికి చేపల కంపు పడడం లేదు. పులుసు మాత్రం పడుతుంది లెండి.

కూతురు రాజేశ్వరికి థైరాయిడ్. మెడ ఉబ్బింది, మధ్యాహ్నానికే సోలిపోయేది. అత్తింటివాళ్లు దానికి బద్ధకమని పేరు పెట్టారు. డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు తల్లి కూడా వెంట వెళ్లింది. సోమేశ్ ఆమెను గుమ్మం దగ్గరే ఆపేశాడు.

"నువ్వు బయటే కూకో అత్తా. ఈ కంపుకి డాక్టరుగారేటనుకుంటారు?"

లోపల డాక్టరు విడమరిచి చెప్పాడు. ఇది అయోడిన్ తక్కువై వచ్చింది కాదట. ఒంట్లోని రక్షణ శక్తే మెడలోని థైరాయిడ్ గ్రంథి మీద తిరగబడిందట. మాత్ర పరగడుపున వేసుకోవాలి. సముద్రపు నాచు, నాచు పొడులు ముట్టుకోకూడదు. వాటిలో అయోడిన్ మోతాదు మించితే జబ్బు ముదురుతుంది. రాజేశ్వరికి నవ్వొచ్చింది. నాచు తినేవాళ్లెవరున్నారు గనక? ఆ మాట బయట తల్లికి ఎవరూ చెప్పలేదు.

బయట బెంచీ మీద పక్కావిడ అప్పయ్యమ్మకు ఫోన్లో వీడియో చూపించింది. థైరాయిడ్‌కి నాచే మందట. వలలకు చుట్టుకుంటే తిట్టుకుంటూ పీకి పారేసే నాచు! ఆ పిచ్చితల్లి దాన్ని రాళ్ల మీంచి గీకి, ఎండబెట్టి, దంచి, వారం వారం కూతురికి తెచ్చే పులుసులో కలిపింది. తెలిస్తే అల్లుడు అసహ్యించుకుంటాడని నోరు విప్పలేదు. చింతపండు, కారం ఆ రుచిని కప్పేశాయి.

మాత్రలు వేసుకుంటున్నా రిపోర్టు ప్రతిసారీ పాడుగానే వచ్చింది. ఇంకోసారి ఇలా వస్తే పుట్టింటికి పంపేస్తానని సోమేశ్ తెగేసి చెప్పాడు. రాజేశ్వరి దండం పెట్టుకుని మరీ మాత్ర మింగేది. మళ్లీ అలాగే వచ్చింది. మాత్రలు పారేస్తున్నావా అని నలుగురి ముందూ అడిగాడు, జవాబు కోసం ఆగలేదు. అత్త గంప పక్కన పెళ్లాం బట్టల సంచి పెట్టి ఇద్దరినీ పల్లెవైపు పోయే యలమంచిలి బస్సెక్కించాడు. మగతనమంటే అదే అనుకున్నాడు కాబోలు.

బస్సులో కూతురు ఏడుస్తుంటే అప్పయ్యమ్మ వీపు నిమిరింది.

"ఏడవకే. ఇన్నాళ్లూ వారానికోసారే పెట్టాను. ఇంక రోజూ పెడతాను, బేగి తగ్గిపోద్ది."

"ఏటమ్మా పెట్టింది?"

"నాచు."

రాజేశ్వరి ఏడుపు ఆగిపోయింది. ఆ రోజు గదిలో డాక్టరు చెప్పిందంతా మెల్లగా చెప్పింది. అప్పయ్యమ్మ ఖాళీ గంపను ఒళ్లోకి లాక్కుంది.

"నన్ను బయట కూకోబెట్టేసినారు కదే," అంది.