హెడ్మాస్టరు కొడుకు రాసిన అల్లరి

అన్నీ మనకే తెలుసనుకునే వయసు ఒకటుంటుంది. నాకది బెంగళూరులో మొదటి ఉద్యోగంలో చేరిన రోజుల్లో వచ్చింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో చిన్న డబ్బింగ్ ఆఫీసు. పిల్లల కోసం బ్రిటన్‌లో తీసిన ఒక టీవీ కామెడీకి తెలుగు మాటలు రాయాలి. కథంతా ఒక బడిలోనే. మొదటి భాగం చూస్తూ నవ్వలేక కుర్చీలోంచి జారిపడ్డాను (అతిశయోక్తి కాదు, ఆ కుర్చీకి ఒక చక్రం లేదు). అందులో పిల్లలు హెడ్మాస్టరును ఏడిపిస్తారు, ఆయన ఉడుక్కుంటాడు, అయినా ఎవరికీ ఎవరి మీదా కసి ఉండదు. అంత తేలిగ్గా అంతలా ఎలా నవ్వించారో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆ మొదటి భాగం తెలుగులో చూసి పక్క అపార్ట్‌మెంట్ పిల్లలు నవ్వితే ఉద్యోగం ఖాయం, లేకపోతే తిరిగి మా ఊరు మదనపల్లె బస్సెక్కడమే అని మేనేజరు ముందే చెప్పాడు. చిక్కేమిటంటే నేను హెడ్మాస్టరు కొడుకుని. కథలోని తుంటరి పిల్ల కిటికీ తెరిచి హెడ్మాస్టరు విగ్గు గాలికి ఎగిరిపోయేలా చేసే చోట నా చెయ్యి కదల్లేదు. డబ్బింగులో ఒక వెసులుబాటు ఉంది. తెర మీద మనిషి అటు తిరిగితే పెదాలు కనపడవు కాబట్టి ఏ మాటైనా దూర్చెయ్యొచ్చు. ఆ పిల్ల వీపు కనపడిన ప్రతిచోటా నేను “తప్పయింది సార్, క్షమించండి” అని రాసేశాను. చూపించిన రోజు అపార్ట్‌మెంట్ పిల్లలు నీతిపాఠం విన్నంత శ్రద్ధగా చూశారు. ఒక్కరూ నవ్వలేదు. మేనేజరు రెండు రోజులు గడువిచ్చాడు.

ఆ తుంటరి పిల్లకు గొంతు ఇచ్చేది పాత బెంగళూరులోని నగర్తపేట నుంచి వచ్చే అక్క. యాభై దాటిన మనిషి, మైకు ముందు నిలబడితే మాత్రం పదేళ్ల పిల్లే. నా కాగితాలన్నీ తిరగేసి నెమ్మదిగా అడిగింది.

“ఆ పాప తప్పు చేసినానని అనుకోనే లేదప్పా. నువ్వే ఒప్పిస్తా ఉండావు. ఎవరికి భయపడతా ఉండావు నువ్వు?”

ఇద్దరం కూర్చుని క్షమాపణలన్నీ కొట్టేశాం. వాటి బదులు అక్క ఒక్క మాట కూడా పెట్టలేదు, నవ్వు బిగబట్టుకుంటున్న చప్పుడు మాత్రం చేసింది. ఆ పనితనానికి దండం పెట్టాలనిపించింది.

రెండోసారి చూపించే రోజున, నా ఖర్మ కాలి, మా నాయన కంటి పరీక్షకని బెంగళూరులోనే ఉన్నాడు. వద్దన్నా వినకుండా వచ్చి పిల్లల వెనక వరసలో కూర్చున్నాడు. తెర మీద విగ్గు ఎగిరింది. ఉద్యోగం సంగతి మరిచిపోయి నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అందరికంటే ముందు ఆయనే పగలబడి నవ్వాడు, ఆ వెనకే పిల్లలంతా. బయటికొచ్చాక కోపం రాలేదా అని గొణిగాను.

“కోపమెందుకురా? నా క్లాసులో పిల్లోళ్లు ఇంతకంటే ఎక్కువే చేసినారు. నేను గబుక్కున బోర్డు పక్కకు తిరిగేది రాసేదానికి అనుకుంటివా? నవ్వు ఆపుకోలేక.”

ఉద్యోగం నిలిచింది. కానీ ఆయన క్లాసులోనే మూడేళ్లు మొదటి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను నేను. ఒక్కసారి కూడా ఆయన్ని నవ్వించలేదు. ఆ బుద్ధిమంతుణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది.