మాస్టారు దాటవేసిన ఆఖరి భాగం

గ్రీకు మాస్టారు పోయారు. లైబ్రరీ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను వంటింట్లో చింతపండు నానబెడుతున్నాను. ఫోన్ తీసింది మా అమ్మాయి. అవతలి మాట విని, రిసీవర్ మీద చెయ్యి అడ్డంపెట్టి, "అమ్మా, మీ మాస్టారు..." అని ఆగింది.

"ఏం, ఈ మంగళవారం క్లాసు లేదా?" అన్నాను.

"ఇంక లేదమ్మా" అంది.

ఆదివారం చర్చికి రాలేదని మేనకోడలు ఇంటికెళ్లి చూస్తే, కుర్చీలోనే ఉన్నారట, కళ్లజోడు పెట్టుకుని. చదువుతూ పోయారా, టీవీ చూస్తూ పోయారా అని అడిగాను. మా అమ్మాయి నన్ను అదోలా చూసింది. ఆయన్ని ఎరిగినవాళ్లెవరైనా ముందు అదే అడుగుతారు. టీవీ కట్టేసి ఉందట. నా మనసు కాస్త కుదుటపడింది.

ఈ పత్రికలో మనం మనవాళ్ల గురించే రాసుకుంటాం. ఆయన మనవాడు కాదు. గ్రీసు దేశంలో పుట్టి, నడివయసులో ఈ దేశమొచ్చి, డెట్రాయిట్ హైస్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరై, మా ట్రాయ్ ఊళ్లో చిన్న ఇల్లు కొనుక్కుని ఒంటరిగా ఉన్నారు. అయినా రాస్తున్నాను. ఈ దేశంలో నాకు గురువంటూ దొరికింది ఆయనొక్కరే. నేను ఆయన్ని 'మాస్టారూ' అనే పిలిచేదాన్ని. అర్థం చెబితే మురిసిపోయారు. ఆయన నన్ను 'మేడమ్' అనేవారు. అందులో గౌరవమెంతో, భయమెంతో నేను తేల్చుకోలేకపోయాను. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

డెబ్భైల చివర నేనీ ఊరొచ్చిన కొత్తలో పెట్రోలు కోసం కార్లు బారులు తీరేవి. ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు ఊడుతుండేవి. మన దేశంలో ఆడపిల్లల కాలేజీలో ఏళ్ల తరబడి తెలుగు చెప్పినదాన్ని, ఇక్కడ నా పాఠం వినడానికి కుక్కర్ తప్ప ఎవరూ లేరు. నా నసకి తట్టుకోలేక మా అమ్మాయి ఒకరోజు ఆఫీస్‌కి వెళ్తూ నన్ను లైబ్రరీ దగ్గర డ్రాప్ చేసింది. లోపల ఒక గదిలో బల్లచుట్టూ పదిమంది దాకా కూర్చున్నారు. టై కట్టుకుని, కాళ్లకి మంచుబూట్లతో ఒక పెద్దాయన, ఇంగ్లీషు కాని భాషలో ఏదో చదువుతున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆయన చూపుడువేలు బల్లమీద తాళం వేస్తోంది. మా నాన్నగారు పద్యం చదివేటప్పుడు సరిగ్గా అలాగే పీటమీద వేలితో కొట్టేవారు. ఛందస్సుకి తర్జుమా అక్కర్లేదు. వెళ్లి కూర్చున్నాను.

అది గ్రీకుల పాత యుద్ధ కావ్యం. ముట్టడిలో పడి ఆనక తగలబడిపోయిన ఆ నగరం పేరే మా ఊరికి పెట్టారు. "బూడిదైన ఊరి పేరు పెట్టుకుని షాపింగ్ మాల్ కట్టుకున్న ధైర్యవంతులు మీ ఊరివాళ్లు" అనేవారు మాస్టారు, తనదీ ఆ ఊరే కానట్టు.

మొదటిరోజు ఆయన చేతిలో పూసల దండ తిరగడం చూసి, జపం చేస్తున్నారనుకున్నాను. క్లాసయ్యాక దగ్గరికెళ్లి, "ఏ మంత్రమండీ?" అని అడిగాను.

"మంత్రం కాదు మేడమ్. సిగరెట్లు మానేశాను."

ఆ కావ్యంలో పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. ఆయన పట్టించుకునేవారు కాదు. "పేర్లు తర్వాత. ముందు ఎవరు ఎవరికోసం ఏడుస్తున్నారో చూడండి" అనేవారు. ఈ మాట తర్వాత నేను ప్రతి పుస్తకానికీ వాడుకున్నాను, మా చుట్టాలక్కూడా. వాళ్ల దేవుళ్లు యుద్ధంలో దూరి చేసే మోసాలూ, మొగుడూ పెళ్లాల కీచులాటలూ విని ఒకసారి నేను ముక్కుమీద వేలేసుకుంటే, "చావు లేనివాళ్లకి సిగ్గెక్కడిది?" అన్నారు. మా దేవుళ్లకీ అంత మంచి పేరేం లేదని నేను ఒప్పుకున్నాను. అప్పట్నుంచి మాకు పొత్తు కుదిరింది.

అందులో ఒక మహావీరుడున్నాడు. సేనాపతి తనని అవమానించాడని అలిగి, అవతల తనవాళ్లు చస్తుంటే గుడారంలోంచి కదలడు. ఎన్ని కానుకలు పంపినా వద్దంటాడు. ఎందుకంత పంతమని క్లాసంతా తలలు బద్దలుకొట్టుకుంటుంటే నేను చెప్పాను. "మా పెళ్లిళ్లలో అలకపాన్పు అని ఒక ముచ్చటుంది. కొత్త పెళ్లికొడుకు మంచమెక్కి మొహం తిప్పుకుని కూర్చుంటాడు. మామగారు స్కూటరో, గడియారమో ఇస్తానంటేగానీ దిగడు. మీ వీరుడిది అదే జబ్బు" అన్నాను. నా పక్కన కూర్చునేవాడొకడు, కార్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి ఉద్యోగం పోయినాయన, బల్లమీద గుద్ది మరీ నవ్వాడు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు నుంచి ఆ వీరుడికి మా క్లాసులో పేరు పోయి 'సన్ ఇన్ లా' అయిపోయాడు.

ఆ అల్లుడి ప్రాణస్నేహితుడు యుద్ధంలో చస్తాడు. ఆ కోపంతో వీడు లేచి, చంపినవాణ్ణి చంపుతాడు. వీడి చేతిలో చచ్చినవాడు అవతలి ముసలి రాజు కొడుకు. శవాన్ని కూడా ఇవ్వకుండా రథానికి కట్టి ఈడుస్తాడు. తర్వాత స్నేహితుడికి దహనం, అతని గౌరవార్థం పందేలు, ఆటలు. ఇక మిగిలింది ఆఖరి భాగం.

మన పద్ధతి మీకు తెలుసు. పురాణం పూర్తయ్యే రోజున ప్రసాదం లేకుండా ఎలా? తెల్లవారుతూనే పులిహోర కలిపాను. కొబ్బరికాయ, కర్పూరం కూడా సంచిలో పెట్టుకుంటుంటే మా అమ్మాయి గుమ్మంలో అడ్డం నిలబడింది.

"అమ్మా, లైబ్రరీలో ఫుడ్డే అలౌ చెయ్యరు. కర్పూరం వెలిగించావంటే అలారం మోగి ఫైరింజన్ వస్తుంది."

"రానీ. వాళ్లకీ ప్రసాదం పెడదాం."

చివరికి రాజీపడి పులిహోర డబ్బా ఒక్కటే తీసుకెళ్లాను. మాస్టారు ఆటల భాగం పూర్తి చేశారు. పుస్తకం మూశారు. "వచ్చే వారం మళ్లీ మొదటి పేజీ" అన్నారు.

"ఆఖరి భాగం?" అన్నాను.

"ఇంట్లో చదువుకోండి మేడమ్."

"పురాణం మొదలుపెట్టినవాళ్లు ముగించకుండా లేవకూడదు మాస్టారూ. మహాపాపం."

"ఇది పురాణం కాదు. పబ్లిక్ లైబ్రరీ."

సగం తీసిన డబ్బా మూత మళ్లీ పెట్టేశాను. సమాప్తి లేదు కనక ప్రసాదమూ లేదన్నాను. ఫోర్‌మన్ మొహం చూడాలి మీరు. డబ్బా నా సంచిలోకి వెళ్తుంటే, ఫ్యాక్టరీ మూసినరోజు కూడా అంత దిగులుపడి ఉండడు. ఆయనే వాకిట్లో నాతో చెప్పాడు. మాస్టారు ఎప్పుడూ ఇంతేనట. ఏటా ఆటలదాకా వచ్చి ఆగి, మళ్లీ మొదటికి వెళ్తారట. ఎందుకో ఎవరూ అడగలేదు. అమెరికన్లు మర్యాదస్థులు.

నేను మర్యాదస్థురాలిని కాదు. కానీ మరుసటి ఏడు మళ్లీ ఆటల దగ్గరికి వచ్చినప్పుడు నేను అడగకుండానే ఆయన చెప్పారు. క్లాసయ్యాక లైబ్రరీ వరండాలో బెంచీమీద మా అమ్మాయి కారు కోసం కూర్చున్నాను. చూరు నుంచి కరిగిన మంచు బొట్లుబొట్లుగా పడుతోంది. ఆయనొచ్చి పక్కన కూర్చుని, పూసలు తిప్పుతూ, "ఈసారి పులిహోర తేలేదు" అన్నారు.

"మీరు ముగించరని తెలిసి ఎందుకు తెస్తాను?"

ఆయన పూసలు మరో చుట్టు తిప్పారు. తర్వాత చెప్పారు.

"నాకో తమ్ముడుండేవాడు మేడమ్. అప్పట్లో మా దేశంలో యుద్ధం. పరాయివాళ్లతో కాదు, మాలో మాకే. వాడు తిరుగుబాటుదార్లతో కలిసి కొండలెక్కాడు. నేను ఊళ్లో బడిపంతుల్ని. సైనికులు వాణ్ణి చంపి, శవాన్ని ఊరవతల శిబిరంలో పడేశారు. వెళ్లి అడిగి తెమ్మని అమ్మ నన్ను పంపింది."

"వెళ్లారా?"

"గుమ్మందాకా వెళ్లాను. అన్ననని చెబితే నన్నూ వాడి పక్షమే అంటారు. భయమేసింది. వెనక్కి వచ్చేశాను. అమ్మ రెండోసారి అడగలేదు." పూసలు ఆగాయి. "ఆ ముసలి రాజు వెళ్లాడు. కొడుకుని చంపినవాడి గుడారానికి, శవాన్ని ఇమ్మని అడగడానికి వెళ్లాడు. నేను వెళ్లలేదు. ఆ భాగం నా నోటితో ఎలా చదవను?"

ఓదార్చడం నాకు చేతకాదు. నా నాలుక అందుకు చెయ్యలేదు దేవుడు. కానీ ఆఖరి భాగం ఇంట్లో చదువుకోమన్నది ఆయనే. నేను చదివాను, కాలేజీలో కాపీలు దిద్దినంత శ్రద్ధగా.

"మాస్టారూ, రాజు ఒక్కడే వెళ్లాడా?" అని అడిగాను.

ఆయన నా వైపు చూశారు.

"దారిలో దేవుడొచ్చాడు కదా, పడుచువాడి రూపంలో. పగ్గాలు తనే పట్టుకున్నాడు. కాపలావాళ్లని నిద్రపుచ్చాడు. గడియ తీసి లోపలికి పంపాడు. మరి మీ అమ్మ మిమ్మల్ని పంపినప్పుడు మీ దేవుళ్లలో ఒక్కడైనా వచ్చాడా?"

"రాలేదు."

"అంత రాజుకే తోడు కావలసివచ్చింది. ఆయనా ఒంటరిగా గుమ్మందాకా వచ్చి ఉంటే ఏం చేసేవాడో ఎవరికి తెలుసు?"

చూరు నీళ్లు పడుతూనే ఉన్నాయి. "ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను" అన్నారు. "ఆ దేవుణ్ణి నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు."

మా అమ్మాయి కారు వచ్చింది. లేస్తూ నేనే అన్నాను. "మా ఊళ్లో పురాణం ఒక్కరే చెప్పరు. ఒకరు పద్యం చదువుతారు, ఇంకొకరు అర్థం చెబుతారు. మీరు మీ భాషలో చదవండి. ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ మీ మొహం చూడరు. అర్థం నేను చెబుతాను."

"మీకు గ్రీకు రాదు."

"అనువాదం వచ్చు. నేను తప్పు చెప్పినా మీరు దిద్దకూడదు. అర్థం చెప్పేవాళ్లని పద్యం చదివేవాళ్లు ఆపరు."

ఆ తర్వాతి మంగళవారం ఆయన వస్తారో రారో అనుకుంటూనే పులిహోర కలిపాను. ఆయన నాకంటే ముందే వచ్చి ఉన్నారు. టై కొత్తది. పుస్తకం ఆఖరి భాగం దగ్గర తెరిచి ఉంది.

ఆయన కొంత చదవడం, నేను అర్థం చెప్పడం. కాసేపటికి నాకే మా ఊరి మండపంలో ఉన్నట్టనిపించి, గొంతు పెంచాను. బండి కట్టడం, దేవుడు తోడురావడం అయ్యాయి. రాజు గుడారంలో అడుగుపెట్టి, వంగి, తన కొడుకుని చంపిన ఆ చేతుల్ని ముద్దు పెట్టుకునే చోట మాస్టారి వేలు బల్లమీద ఆగిపోయింది. గొంతూ ఆగింది. నేను ఆయన వైపు చూడలేదు. పద్యం పూర్తి కాకుండానే అర్థం అందుకున్నాను. "రాజు అల్లుడి చేతులు పట్టుకున్నాడు" అన్నాను. ఆ పేరు వింటే ఎప్పుడూ నవ్వే క్లాసు ఆ రోజు నవ్వలేదు. "అల్లుడికి తన ముసలి తండ్రి గుర్తొచ్చాడు. ఇద్దరూ ఏడ్చారు. ఒకరు కొడుకు కోసం, ఒకరు తండ్రి కోసం, స్నేహితుడి కోసం" అన్నాను. అంతకుమించి పొడిగించడానికి నాకేమీ దొరకలేదు. అప్పుడు ఆ వేలు మళ్లీ కదిలింది. తాళం అందుకుంది. ఆయన చివరిదాకా చదివారు. శవం ఇంటికి చేరింది.

ఫోర్‌మన్ గట్టిగా ముక్కు చీదుకుని, "అయితే అల్లుడు మంచం దిగాడన్నమాట" అన్నాడు.

పాఠం చెప్పడం మా వృత్తి కదా, మాస్టారూ నేనూ ఇద్దరం ఒక్కసారే "అవును" అన్నాం.

డబ్బా తీశాను. లైబ్రరీ అమ్మాయి గుమ్మంలోంచి చూసి, ఫుడ్ తేకూడదన్న బోర్డు తలుపుకి బయటివైపున ఉంది కనక, లోపలికొచ్చి తలుపేసి, తనకీ ఓ కాగితం ప్లేటు తీసుకుంది. "మీ ప్రసాదం సరైన చోటే వచ్చింది మేడమ్" అన్నారు మాస్టారు. "గుడారంలో వాళ్లిద్దరూ ఏడ్చాక అన్నం తింటారు. దాన్ని మీరు అర్థంలో వదిలేశారు."

"దిద్దకూడదన్నాను."

ఆయన చెంచా తీసుకోబోతే వద్దన్నాను. ప్రసాదం చేత్తోనే తినాలన్నాను. తిన్నారు. పుస్తకాల దగ్గర కాఫీ కప్పు కనబడితే మండిపడే మనిషి, పులిహోర తిన్న చేత్తోనే ఆఖరి పేజీ తిప్పి, రాజకుమారుడి దహనం దగ్గర ఒక మాట నాకు చూపించారు. గ్రీకులో. నాకు రాదని తెలిసి కూడా.

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ ఆటల దగ్గర ఆగలేదు. ఏటా సమాప్తి జరిగింది, ఏటా పులిహోర కలిపాను. ఫోర్‌మన్‌కి ఒక ఏడు ఉద్యోగం దొరికింది. సమాప్తి రోజుకి మాత్రం సెలవు పెట్టి వచ్చాడు.

మొన్న ఆయన చర్చిలో చివరి ప్రార్థన అయ్యాక అందరికీ చిన్న కాగితం సంచులు పంచారు. ఉడికించిన గోధుమలు, పైన పంచదార, బాదం పలుకులు, దానిమ్మ గింజలు. చనిపోయినవాళ్ల పేరున అలా పంచుతారట. మేనకోడలు నా చేతిలో ఒకటి పెట్టి, "మావయ్య ఏటా తన తమ్ముడి పేరున వీటిని ఉడికించి తెచ్చేవారు. మొదట్లో ఆ పేరే ఎత్తేవారు కాదు. ఉన్నట్టుండి కొన్నేళ్ల కిందట మొదలుపెట్టారు. ఎందుకో తెలియదు" అంది. నా నోట్లో గోధుమలున్నాయి.

ఆయన పాఠం చెప్పిన ఆ పుస్తకాన్ని మేనకోడలు లైబ్రరీకి ఇచ్చేసింది. నిన్న వెళ్లి చూశాను. అక్కడ ఆయన చదువుకునే కుర్చీ పక్కన, కిటికీకి ఎదురుగా ఉన్న అలమరలో పెట్టారు. తీసి, ఆఖరి పేజీ తెరిచాను. అంచున పసుప్పచ్చటి వేలిముద్ర, గీతలతో సహా ఉంది. ఆయన బొటనవేలిది.

లైబ్రరీ అమ్మాయిని పిలిచాను. పసుపు మరక సబ్బుకి పోదు గానీ ఎండకి ఇట్టే పోతుందని చెప్పాను. ఆమెకి అర్థమైందో లేదో. ఇద్దరం కలిసి ఆ పుస్తకాన్ని వెనక గోడ దగ్గర, నీడపట్టున ఉన్న అలమరలోకి మార్చాం.