దోన్ క్రిస్పీన్ గారి ఒక్క నిమిషం

పిరాయూ అనే చిన్న ఊళ్ళో నలభై దాటిన మగాళ్ళ ఫుట్‌బాల్ లీగ్‌కి అధ్యక్షులు దోన్ క్రిస్పీన్ గారు. ఆయనకి ఒకటే పిచ్చి. ఆట మొదలయ్యే ముందు పోయినవాళ్ళ కోసం అందరూ ఒక్క నిమిషం మౌనం పాటించాలి. ఎవరు పోయారన్నది ఆయనకి పెద్ద పట్టింపు కాదు.

మొదట్లో అంతా పద్ధతిగానే ఉండేది. పాత కోచ్ పోతే మౌనం, గోల్ స్తంభాలు విరాళమిచ్చిన పెద్దమనిషి పోతే మౌనం. తర్వాత ఆ పెద్దమనిషి మేనత్త కోసం, ఆవిడ పెంచిన ఆవు కోసం, గాలివానకి కూలిన మామిడిచెట్టు కోసం కూడా జనం టోపీలు తీశారు. ఒకసారి ఊరికి రావడం మానేసిన రైలు కోసం నిలబడమన్నారు. ఆయన అదే ఊళ్ళో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనవారు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. పైగా ఆ రోజు ఆయన నిజంగానే ఏడ్చారు.

ఆ నిమిషం కూడా మామూలు నిమిషం కాదు. ఆయన విజిల్ ఊది కళ్ళు మూసుకున్నారంటే ఇక అంతే. ఎర్రమట్టి మైదానం కాళ్ళు కాల్చేస్తున్నా, చేతులు మారుతున్న చల్లటి తెరెరే కషాయం గ్లాసు సగంలో ఆగిపోయినా, ఆయన కళ్ళు తెరిచినప్పుడే నిమిషం అయినట్టు. నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేసిన వాళ్ళున్నారు. అసలే నలభై దాటిన మోకాళ్ళు.

లీగ్ కార్యదర్శి నెలిడాకి ఈ మౌనాలంటే ఒళ్ళుమంట. లీగ్ నడపడమంటే ఏమిటో ఆవిడకే తెలుసు. పెళ్ళివిందులో తెగ తిని రెఫరీ మంచమెక్కితే ఇంకొకణ్ణి వెతికి పట్టుకోవాలి. మైదానంలో మేస్తున్న గుర్రాన్ని తోలాలి. నడుం పట్టేసిన ఆటగాడి భార్య చేత తిట్లు తినాలి. వీటన్నిటి మధ్యా ఆవు ఆత్మశాంతి ఒకటి.

నెలిడాకి నియమాలంటే ప్రాణం. ఆట వేళ దాటి పావుగంటైనా జట్టులో ఏడుగురు లేకపోతే అవతలి జట్టు గెలిచినట్టే. అలా మూడుసార్లు జరిగితే ఆ జట్టుని లీగ్‌లోంచి తీసేస్తారు. పట్టుబట్టి ఈ నియమం పెట్టించింది ఆవిడే. అది సొంత తమ్ముడి మెడకి చుట్టుకుంటుందని అప్పుడు అనుకోలేదు.

తమ్ముడు సిల్వీనో ఇటుకబట్టీలో పనిచేస్తాడు. భార్య పోయిన దగ్గర్నుంచి మాటలు మానేశాడు. పెట్టింది తింటాడు, గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఆదివారం పొద్దున మాత్రం బూట్లు తుడుచుకుని బట్టీ జట్టుతో మైదానానికి వస్తాడు, అక్కడ ఎవడో ఒకణ్ణి తిడతాడు. వారం మొత్తానికి నెలిడా వాడి గొంతు వినేది అప్పుడే. కానీ బట్టీకి నిప్పు పెట్టాక ఇటుక కాలేదాకా ఎవరో ఒకరు దగ్గరుండాలి. అందుకే ఆ జట్టు ఎప్పుడూ ఆలస్యమే. అప్పటికే రెండుసార్లు, దోన్ క్రిస్పీన్ రాని ఆదివారాల్లో, అలా ఆడకుండానే ఓడింది.

ఆ ఆదివారం మాంసం కొట్లవాళ్ళ జట్టుతో ఆట. వేళ మించిపోతోంది, బట్టీ జట్టులో ఆరుగురే ఉన్నారు. ఏడోవాడు గోల్‌కీపర్ లిబోరియో బట్టీ మూసి రావాలి. మాంసం కొట్ల కెప్టెన్ వెన్సెస్లావ్ గడియారం ఉన్న చేతిని తెచ్చి నెలిడా మొహం ముందు పెట్టాడు.

"రూల్ మీదే కదక్కా," అన్నాడు. "గెలిచామని చెప్పేయండి, పోతాం."

నెలిడా బట్టీ దారి వైపు చూసింది. సిల్వీనో అప్పటికే బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. అప్పుడు విజిల్ మోగింది.

"ఒక్క నిమిషం మౌనం," అన్నారు దోన్ క్రిస్పీన్.

"ఇవాళ ఎవరు?" అని వెన్సెస్లావ్ పళ్ళు నూరాడు.

దోన్ క్రిస్పీన్ అటూ ఇటూ చూశారు. ఆవులు, చెట్లు, రైళ్ళు అన్నీ అయిపోయాయి.

"మన లిబోరియో," అన్నారు.

టోపీలు వాటంతటవే దిగాయి. బట్టీ వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, సంగతి అర్థమై, గబగబా తలలు దించేసుకున్నారు. వెన్సెస్లావ్ మొహం మాత్రం పాలిపోయింది. పోయినేడాది లిబోరియోని అందరి ముందూ ముసలి కోడి అన్నానని చెప్పి ముక్కు చీదాడు. తన పెనాల్టీలు ఎన్ని ఆపినా ఒక్కసారీ నవ్వని మర్యాదస్తుడని వెక్కిళ్ళు పెట్టాడు.

ఆ ఏడుపు మధ్యలో ఒళ్ళంతా మసితో లిబోరియో సైకిల్ మీద వచ్చాడు. అందరూ తలలు దించుకుని ఉండడం చూసి, సైకిల్‌ని చప్పుడు కాకుండా పడుకోబెట్టి, టోపీ తీసి, సిలువ గుర్తు వేసుకుని, వెన్సెస్లావ్ పక్కనే నిలబడ్డాడు.

"ఎవరు పోయారు?" అని గుసగుసగా అడిగాడు.

"లిబోరియో," అన్నాడు వెన్సెస్లావ్ కళ్ళు తెరవకుండా.

"అయ్యో పాపం," అన్నాడు లిబోరియో. కాస్సేపాగి, "ఏ లిబోరియో?" అన్నాడు.

దోన్ క్రిస్పీన్ వెంటనే కళ్ళు తెరిచి, నిమిషం అయిందనీ, ఏడుగురూ ఉన్నారనీ, ఆట మొదలెట్టమనీ విజిల్ ఊదారు. మౌనంలో గడిచిన కాలం లెక్కలోకి రాదన్నది ఆయన తీర్పు. వెన్సెస్లావ్ గొడవ చేసేవాడే. కానీ బతికొచ్చిన లిబోరియోని కావలించుకుని భోరుమన్నాక మళ్ళీ గడియారం చూపిస్తే ఏం బాగుంటుంది?

బట్టీ జట్టు చిత్తుగా ఓడిపోయింది. సిల్వీనో రెఫరీని, బంతిని, గాలిని, చివరికి అక్కని కూడా తిట్టాడు. ఆ తిట్లు వింటుంటే నెలిడాకి కడుపు నిండిపోయింది.

ఆట అయ్యాక ఆవిడ దోన్ క్రిస్పీన్‌ని పట్టుకుంది.

"నిన్న మీరూ లిబోరియో కలిసి చీపా రొట్టెలు తిన్నారు. బతికున్నాడని తెలీదా?"

"తెలుసు."

"మరి?"

ఆయన తెరెరే గొట్టం నోట్లోంచి తీశారు. "స్టేషన్లో ఉన్నప్పుడు ఎవరైనా పరుగెత్తుకొస్తూ కనిపిస్తే, పచ్చజెండా ఎక్కడో పెట్టి మర్చిపోయానని వెతికేవాణ్ణి. ఇక్కడ జెండా లేదు కదమ్మా."

నెలిడా పాత ఆదివారాలన్నీ గుర్తు చేసుకుంది. మొదట్లో పోయిన ఆ ఇద్దరు పెద్దల సంగతి వదిలేస్తే, రెండు జట్లూ నిండుగా ఉన్న రోజున ఆయన ఎన్నడూ ఎవరి కోసమూ మౌనం పాటించమనలేదు. ఆవు రోజున బస్సు చెడి ఎవరో ఆగిపోయారు. మామిడిచెట్టు రోజున ఎవరి కూతురికో జ్వరం. ఇన్నాళ్ళూ తాను విసుక్కున్న ఆ ఆవుకి కూడా ఆవిడ మనసులో దండం పెట్టుకుంది. ఆయనకి మాత్రం రెండు చీపాలు ఎక్కువగా కొని చేతిలో పెట్టింది.

కొన్ని వారాల తర్వాత పెన్షనర్ల జట్టుకి అదే మాంసం కొట్లవాళ్ళతో ఆట పడింది. పెన్షనర్లు ఆరుగురే వచ్చారు. ఆ జట్టులో ఆడే దోన్ క్రిస్పీన్ ఏడోవారు, ఆయన జాడే లేదు. వెన్సెస్లావ్ అలవాటుగా గడియారం చెయ్యి ఎత్తాడు. నెలిడా రెండు చేతులూ గట్టిగా చరిచింది.

"ఒక్క నిమిషం మౌనం," అంది.

వెన్సెస్లావ్ ఆవిడ వంక చూశాడు. ఎవరని అడగలేదు. ఒక నిట్టూర్పు విడిచి, అందరికంటే ముందు తనే టోపీ తీశాడు.

చాలాసేపటికి దోన్ క్రిస్పీన్ ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో పెట్టుకుని రొప్పుతూ వచ్చారు. మైదానమంతా తలలు దించి ఉండడం చూసి గబుక్కున టోపీ తీసి వరస చివర నిలబడ్డారు.

"ఎవరమ్మా?" అని మెల్లగా అడిగారు.

"ఇంకా అనుకోలేదు," అంది నెలిడా, కళ్ళు మూసుకునే. "మీరొచ్చేశారుగా, ఇక అక్కర్లేదు."